క్రినిత్సాలో మొదట దిగినవాడు

ప్రెయిరీ మైదానంలోని క్రినిత్సా గ్రామానికి నూట పాతికేళ్ళు నిండుతున్న శుభసందర్భంలో, ఇక్కడ రైలు దిగి నేల మీద మొదటి కాలు మోపిన ఉక్రేనియన్ ఎవరో నిస్సందేహంగా తేల్చాలనీ, తేలినవాడి కంచు విగ్రహాన్ని చర్చి ఎదుట నిలబెట్టాలనీ మార్గదర్శక వంశాల చరిత్ర సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ రోజు సమావేశానికి పదకొండుమంది వచ్చారు. ఏకగ్రీవం అన్నది వాళ్ళలో మెలకువగా ఉన్న ఏడుగురికి సంబంధించిన మాట.

ఈ తీర్మానానికి ఊరంతా హర్షించింది. హర్షించడానికి అక్కడ వేరే విషయాలు పెద్దగా మిగల్లేదు. బడి మూతపడింది. బ్యాంకు మూతపడింది. రైలు పట్టాలను పీక్కుపోయి ఇరవై ఏళ్ళు దాటింది. గోధుమలు, ఆవాలు పండించే పని నాలుగు పెద్ద యంత్రాలు చూసుకుంటున్నాయి. పూర్వీకుల ఉత్పత్తి ఒక్కటే ఏటికేడూ పెరుగుతోంది.

సంఘాధ్యక్షుడు నెస్టర్ జాజులా. వయసు డెబ్బై మూడు. ముప్పై ఒక్క సంవత్సరాలు ఊరి ధాన్యపు ఎలివేటర్‌కు, అంటే రైలెక్కే గోధుమలు నిలవచేసే గిడ్డంగికి, మేనేజరుగా పనిచేశాడు. రైతు తెచ్చిన గోధుమల్ని అరచేతిలో పోసుకుని, ఇది మొదటి రకం, ఇది మూడో రకం అని చూడగానే చెప్పేవాడు. ఎలివేటర్ కూల్చేశాక ఆ చేతికి పని లేకుండా పోయింది. అందుచేత మనుషుల్ని రకాలుగా విడదీసే బాధ్యతను ఆయన స్వచ్ఛందంగా స్వీకరించాడు.

విధానం చాలా శాస్త్రీయమైనది. 1900 లోపు వచ్చినవాళ్ళు స్థాపక వంశాలు. వాళ్ళ ఛాతీ మీద బంగారు రంగు బిళ్ళ. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు వచ్చినవాళ్ళకు వెండి రంగు బిళ్ళ. రెండు యుద్ధాల మధ్య వచ్చినవాళ్ళకు నీలం. తర్వాత వచ్చినవాళ్ళకు తెల్ల కాగితం ముక్క, పేరు వాళ్ళే పెన్నుతో రాసుకోవాలి. ఏటా చర్చి కింది హాల్లో జరిగే విందులో బల్లలు కూడా ఇదే వరసలో వేస్తారు. వడ్డన ముందు నుంచి మొదలవుతుంది. ఆలుగడ్డ కూరి కజ్జికాయల్లా మడిచిన పిరొహీల మీద వెన్నలో వేయించిన ఉల్లిపాయలు పోస్తారు కదా, ఆ ఉల్లిపాయలు నీలం బిళ్ళల దాకా వచ్చేసరికి వాసనగా మారతాయి. తెల్ల కాగితాల దగ్గరికి ఆ వాసన కూడా చేరదు. ఊళ్ళో ముప్పై ఏళ్ళు వైద్యం చేసి, బంగారు బిళ్ళలవాళ్ళలో సగంమందికి పురుడు పోసిన డాక్టరుగారి కుటుంబం 1949లో వచ్చింది. పాపం ఆయన ఆ ఉల్లిపాయ రుచి చూడకుండానే పోయాడు. ఆయన సంతాపవిందులో మాత్రం ఉల్లిపాయలు ధారాళంగా వడ్డించారని ఇక్కడ తప్పక నమోదు చేయాలి.

విగ్రహం విషయానికి వద్దాం. పోటీ రెండు వంశాల మధ్య. నెస్టర్ ముత్తాత పనాస్ జాజులా, ట్రాక్టర్ల వ్యాపారి ఒరెస్ట్ హరాసిమ్ ముత్తాత స్తెపాన్ హరాసిమ్ 1899 మే నెలలో ఒకే రైల్లో, ఒకే పెట్టెలో వచ్చారు. అక్కడిదాకా ఇరుపక్షాలకూ అభ్యంతరం లేదు. పెట్టెలోంచి ఎవరు ముందు దిగారన్నదే ప్రశ్న. ఈ ప్రశ్న మీద నెస్టర్, ఒరెస్ట్ నలభై ఏళ్ళుగా మాట్లాడుకోవడం మానేశారు. ఒకే చర్చిలో ఒకే దేవుడికి రెండు వేరువేరు తలుపుల గుండా వెళ్ళి దణ్ణం పెట్టుకుంటున్నారు.

విచారణ సమగ్రంగా జరిగింది. నెస్టర్ ఆ కాలపు రైలుపెట్టె నమూనాను చెక్కతో చేసి, తన ముత్తాత కూర్చున్న చోటికి తలుపు మూడడుగులేనని కొలతలతో నిరూపించాడు. స్తెపాన్ చంకలో పెద్దబాతు ఉండేదనీ, బాతు ఉన్నవాణ్ణి మిగతా ప్రయాణికులు తలుపు దగ్గరే కూర్చోబెడతారనీ ఒరెస్ట్ వాదించాడు. తొంభై నాలుగేళ్ళ ముసలావిడ ఒకామె సాక్ష్యమిస్తూ, "మా నాయనమ్మ చెప్పేది నాయనా, ఇద్దర్లో ఒక్కడూ దిగలేదంట" అంది. సాక్షి జ్ఞాపకశక్తి క్షీణించిందని కార్యదర్శి రాసుకున్నాడు. ఇద్దరి ఉమ్మినీ పరీక్షకు పంపారు. నెస్టర్ రక్తంలో ఆరు శాతం ఎక్కడిదో చెప్పలేమని ఫలితం వచ్చింది. పది శాతంలోపు పూర్వీకులను యంత్రం తప్పుగా పరిగణించాలని సంఘం వెంటనే మరో తీర్మానం చేసింది.

ఈ దశలో బిస్కెట్ల డబ్బా దొరికింది.

నెస్టర్ మేనత్త చనిపోయాక ఆవిడ సామాన్లు సర్దుతుంటే, ఆయన భార్య డోరాకు అది కనిపించింది. లోపల ఏడు ఉత్తరాలు. యాభై ఏళ్ళ క్రితం ఆ మేనత్త పూర్వీకుల పాత దేశం చూడబోయినప్పుడు, అక్కడి చుట్టాలెవరో పనాస్ రాసినవని చెప్పి చేతిలో పెట్టారు. ఆవిడ భద్రంగా తెచ్చి, భద్రంగా మూత పెట్టింది. క్రినిత్సాలో ఏ సంపదకైనా ఇంతకంటే గొప్ప గౌరవం జరగదు.

నెస్టర్ బల్ల ముందు కూర్చున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి ఉత్తరం విప్పాడు. అక్షరాలన్నీ గోధుమ కంకుల్లా ఒక పక్కకి వాలి ఉన్నాయి. ఆయన దాన్ని నిటారుగా పట్టుకున్నాడు, అడ్డంగా పట్టుకున్నాడు.

"ఏం రాశాడు?" అంది డోరా.

"చాలా మంచి దస్తూరీ."

"అది నాకూ కనబడుతోందయ్యా. ఏం రాశాడని?"

నెస్టర్ కళ్ళద్దాలు మరోసారి తుడుచుకున్నాడు. ఉక్రేనియన్ సంస్కృతిని కాపాడినందుకు క్రినిత్సా గ్రామం అయిదు పర్యాయాలు బహుమతులందుకుంది. వీధుల పేర్లు ఆ భాషలో ఉంటాయి. సమాధిరాళ్ళ మీది వాక్యాలు ఆ భాషలో ఉంటాయి. అయితే చదవడం వచ్చినవాళ్ళందరూ ఇప్పుడు ఆ రాళ్ళ కింద ఉన్నారు. ఫాదరుగారు ప్రార్థన పుస్తకంలోని అచ్చు అక్షరాలు గుర్తుపడతారు గాని, చేతిరాత చూస్తే ఆయనకు తలనొప్పి.

"ఆ అమ్మాయిని పిలవరాదూ?" అంది డోరా. "స్నిజానాని."

నెస్టర్ మొహం చిట్లించాడు. "వాళ్ళకేం తెలుస్తుంది మన పాత భాష? పిరొహీని వరెనికీ అంటారు."

"పిరొహీ అనేవాళ్ళకి చదవడం రాదుగా. వరెనికీ అనేవాళ్ళతోనే పని కానిద్దాం."

స్నిజానా రెండేళ్ళ క్రితం ఉక్రెయిన్ యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన పంతొమ్మిది కుటుంబాల్లో ఒకదానికి చెందింది. వాళ్ళు వచ్చిన రోజు ఊరంతా జెండాలు పట్టుకుని ఎదురెళ్ళింది, కన్నీళ్ళు పెట్టుకుంది. వారం తర్వాత నిదానంగా పరిశీలించి చూస్తే, వచ్చినవాళ్ళు అంత ఉక్రేనియన్లుగా లేరని తేలింది. మామూలు రోజుల్లో కుట్టుపూల చొక్కాలు వేసుకోరు. గంతులేసే నాట్యం రాదు. రొట్టె కోసే ముందు అనాల్సిన మాట అనరు. వాళ్ళకు వాళ్ళ దేశం గురించి నేర్పాలని ఊరి పెద్దలు ఎంతో ఓపికగా ప్రయత్నించారు. స్నిజానా తన ఊళ్ళో పద్నాలుగేళ్ళు దస్తావేజుల భాండాగారంలో పాత చేతిరాతలు చదివే ఉద్యోగం చేసింది. ఇక్కడ వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకు స్నానాలు చేయిస్తోంది. గురువారాలు చర్చి వంటింట్లో పిరొహీల అంచులు నొక్కుతుంది. అంచు సరిగా నొక్కడం రావట్లేదని ఆమె మీద ఇప్పటికి మూడు ఫిర్యాదులు.

ఆమె గురించి సంఘం దస్త్రాల్లో ఇంకొక కాగితం కూడా ఉంది. వచ్చిన పిల్లలు నలభైమందికి శనివారాలు పాఠాలు చెప్పుకోవడానికి హాలు ఇమ్మని ఆమె దరఖాస్తు పెట్టుకుంది. సంఘం తొమ్మిదో నిబంధన ప్రకారం, ఊరి శ్మశానంలో కనీసం మూడు తరాలవాళ్ళు ఖననమై ఉన్న కుటుంబాలకే హాలు ఇస్తారు. దరఖాస్తును తిరస్కరిస్తూ, మీ కుటుంబాలకు త్వరలోనే ఆ అర్హత కలగాలని ఆకాంక్షిస్తున్నాం అంటూ నెస్టర్ స్వహస్తాలతో సంతకం చేశాడు. ఆ వాక్యం చాలా ఆప్యాయంగా కుదిరిందని ఆయనకు అప్పట్లో అనిపించింది.

పిలవగానే స్నిజానా వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం, నెస్టర్ ఇంటి వంటగది బల్ల దగ్గర కూర్చుంది. చేతులు కడుక్కుని, తడి పూర్తిగా తుడుచుకుని, అప్పుడు ఉత్తరం ముట్టుకుంది. ఆ ముట్టుకోవడం చూసి నెస్టర్‌కు ఏదో ఇబ్బందిగా అనిపించింది. గోధుమల్ని తను అలా పట్టుకునేవాడు.

"చదవనా?" అంది.

"ముందు రైలు దిగిన సంగతి చూడమ్మాయ్. మిగతాది తర్వాత."

"మొదట్నుంచీ చదువుతాను. నాకు అలాగే అలవాటు." ఆమె చదివింది. "గౌరవనీయులైన అన్నయ్య ఇవాన్ కుర్కా గారికి, తమ్ముడు వసీల్ వంగి దణ్ణం పెట్టి రాస్తున్న ఉత్తరం."

నెస్టర్ చెయ్యి ఎత్తాడు. "ఇవి ఎవరివో కలిసిపోయినట్టున్నాయి. మాది జాజులా."

"కింద ఉంది వినండి. 'అన్నయ్యా, ఇకమీదట నాకు రాసేటప్పుడు కవరు మీద పనాస్ జాజులా అని రాయి. నేను ఇక్కడ వాడినే. ఓడరేవులో డాక్టరు పనాస్ కళ్ళు తిరగేసి చూసి, కళ్ళ జబ్బుందని వెనక్కి పొమ్మన్నాడు. వాడు గోడ పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. నాకు కళ్ళు బాగున్నాయి గాని కాగితాలు లేవు, పైగా పటాలంలో చేరమని పిలుపు ఉంది. వాడి కాగితాలు నేను తీసుకున్నాను. బదులుగా నా గొర్రెతోలు కోటు వాడికిచ్చాను. స్తెపాన్ హరాసిమ్ అనే మంచివాడు, ముందురోజే పరిచయం, శిలువ మీద చెయ్యి పెట్టి వీడు పుట్టినప్పట్నుంచీ నాకు తెలుసు, మా పనాసే అని అధికారుల ముందు ఒట్టేశాడు.'"

వంటగదిలో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. డోరా లేచి కట్టేసింది.

జాజులా అంటే కోకిల. నెస్టర్ ఇంటి గేటు మీద ఇనుప కోకిల ఉంది. సంఘం కాగితాల మీద, ఆయన ఉంగరం మీద, ఆయన ముందే చెక్కించి పెట్టుకున్న సమాధిరాయి మీద కోకిల ఉంది. కుర్కా అంటే కోడిపెట్ట.

"నలభై ఎనిమిదేళ్ళ కాపురం," అంది డోరా, కుళాయి వైపే చూస్తూ. "ఇన్నాళ్ళూ ఎవర్నో చేసుకున్నాననుకున్నా. కోళ్ళగూట్లో పడ్డానన్నమాట."

"డోరా!"

"ఏం లేదులే. నువ్వు చదువు తల్లీ."

స్నిజానా చదువుతూ పోయింది. ఆమె గొంతులో హెచ్చూ లేదు, తగ్గూ లేదు. రెండో ఉత్తరంలో రైలు వచ్చింది. "'ఇక్కడ దిగమన్నారు. చూస్తే ఒక్క ఇల్లు లేదు, ఒక్క చెట్టు లేదు, గడ్డి తప్ప ఏమీ లేదు. నేనూ స్తెపానూ దిగబోమని ఏడ్చాం. రైలువాడు మూటలు బయటికి విసిరాడు. తర్వాత స్తెపాన్ చంకలోని బాతును విసిరాడు. ఆ తర్వాత మమ్మల్ని చీపురుతో తోశాడు. ఎవరు ముందు పడ్డామో తెలీదు. నేను కళ్ళు మూసుకున్నాను.'"

నలభై ఏళ్ళ వివాదానికి ప్రామాణికమైన జవాబు దొరికింది. క్రినిత్సాలో ముందుగా దిగినది బాతు.

మూడో ఉత్తరంలో చలికాలం. నేలలో గొయ్యి తవ్వి, పైన మట్టిగడ్డలు పేర్చుకుని ఉన్నారు. కోటు లేదు. "'దూరంగా పొగ కనబడేది. మేం రాకముందు నుంచీ ఇక్కడ మనుషులున్నారు అన్నయ్యా, క్రీ జాతివాళ్ళు. ఒకావిడ ఇద్దరు కూతుళ్ళతో వచ్చి ఎండు చేపలు పెట్టింది. కుందేలు తోళ్ళతో అల్లిన దుప్పటి ఇచ్చింది. అది లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. చేతి సైగలతో ఏదో అడిగింది. ఎక్కణ్ణించి వచ్చారు, ఎప్పుడు వెళ్ళిపోతారు అని అడిగినట్టుంది. అర్థం కానట్టు ఊరుకున్నాను.'"

నాలుగోది చదువుతున్నప్పుడు నెస్టర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. పక్క పట్నంలో పత్రికవాళ్ళు తమ గురించి రాసింది ఎవరో చదివి చెప్పారని అందులో ఉంది. వెల్లుల్లి కంపు కొడతారు, మురికివాళ్ళు, పిల్లల్ని కంటారు తప్ప దేశానికి పనికిరారు, వచ్చిన ఓడలోనే తిప్పి పంపాలి అని రాశారట. "'నేను వెల్లుల్లి తినడం తగ్గించాను అన్నయ్యా. అయినా తేడా ఏమీ లేదు.'"

అయిదోది చిన్నది. స్నిజానా దాన్ని ఒకసారి కళ్ళతో చదువుకుంది. తర్వాత పైకి చదివింది. "'పండుగ ప్రార్థనకు పక్క పట్నంలో హాలు అడిగాం. ఇవ్వలేదు. మీవాళ్ళు ఈ నేలలో ఎవరూ లేరు కదా, మీరు ఈ ఊరివాళ్ళు ఎలా అవుతారు అన్నారు. మార్చిలో మా పాప హాన్యా జ్వరంతో పోయింది. రెండేళ్ళ నాలుగు నెలలు. నేల గడ్డకట్టి ఉంది. రెండు రోజులు మంట వేసి, మెత్తబడ్డాక తవ్వాను. ఇప్పుడు మాకూ ఒకరున్నారు ఈ నేలలో. మళ్ళీ వెళ్ళి హాలు అడగాలి.'"

 నెస్టర్‌కు తను రాసిన ఆప్యాయమైన వాక్యం గుర్తొచ్చింది. స్నిజానాకు గుర్తొచ్చిందో లేదో తెలీదు. ఆమె కాగితాన్ని మడతల వెంట జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టింది.

ఆరో ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నెస్టర్ ఆపమన్నాడు. "'పిల్లలకు నా పేరు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. కానీ అన్నయ్యా, నేను చచ్చిపోయాక ఫాదరు పనాస్ ఆత్మకు శాంతి కలగాలని ప్రార్థిస్తాడు కదా, మరి వసీల్ మాటేమిటి?'"

"చాలమ్మాయ్," అన్నాడు నెస్టర్.

"ఇంకొకటి ఉంది."

"చాలు."

డోరా టీ పెట్టింది. స్నిజానా తాగి, డ్యూటీ ఉందని లేచింది. గుమ్మం దాకా వెళ్ళాక నెస్టర్ వెనకాలే వెళ్ళాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వు రాసిచ్చే అనువాదంలో, ఊరి అవసరాన్ని బట్టి చిన్న చిన్న సవరణలు..."

"నేను ఉన్నది ఉన్నట్టు రాస్తాను నెస్టర్ గారూ. తర్వాత మీ ఇష్టం. భాండాగారంలో కూడా అంతే. మేం రాసి పెట్టేవాళ్ళం, పెద్దవాళ్ళు తాళం వేసుకునేవాళ్ళు."

మర్నాడు పొద్దున నెస్టర్ శ్మశానానికి వెళ్ళాడు. పనాస్ జాజులా, మార్గదర్శకుడు అని చెక్కిన రాయి ముందు టోపీ తీసి నిలబడ్డాడు. చుట్టూ ఎవరూ లేరని రూఢి చేసుకున్నాడు. "వసీల్," అన్నాడు. మళ్ళీ, "వసీల్ కుర్కా" అన్నాడు. గాలి వీచింది. ఆయనకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అక్కడి గాలికి అందరికీ వస్తాయి కనుక దీనికి ప్రాముఖ్యం ఇవ్వనక్కర్లేదు. హాన్యా రాయి కోసం వెతికాడు. దొరకలేదు. ఆ పిల్లను పూడ్చేనాటికి ఆ ఊళ్ళో శ్మశానం లేదు.

అక్కణ్ణించి ఆయన తిన్నగా ఒరెస్ట్ హరాసిమ్ ఇంటికి వెళ్ళాడు. నలభై ఏళ్ళలో ఇది మొదటిసారి. ఒరెస్ట్ తలుపు తీసి, తుపాకీ తెచ్చుకోవాలా వద్దా అన్నట్టు చూశాడు. నెస్టర్ అనువాదం చేతికిచ్చాడు. ఒరెస్ట్ నిలబడే చదివాడు. రెండో పేజీకి వచ్చేసరికి కుర్చీ లాక్కున్నాడు.

"శిలువ మీద చెయ్యి పెట్టి?" అన్నాడు.

"అధికారుల ముందు."

"మా ముత్తాత ఒట్టు తప్పనివాడని మొన్నేగా చర్చిలో ఫలకం పెట్టించాను. రాగి ఫలకం."

"చూశాను. బావుంది."

ఒరెస్ట్ అనువాదం చివరిదాకా చదివాడు. "మీవాడికి కోటు లేదన్నమాట. శిల్పి ఇప్పటికే కోటు పోత పోసేశాడు నెస్టర్."

"కోటు ఉండనీ."

"అవున్లే. చలికదా."

ఇద్దరూ చాలాసేపు కూర్చుని మాట్లాడుకున్నారు. వంశగౌరవం నలభై ఏళ్ళు విడదీసిన ఇద్దరు మనుషుల్ని వంశగౌరవమే కలిపిందంటే, దాని శక్తి ఎంతటిదో పాఠకులు ఊహించుకోవచ్చు. వెళ్ళేటప్పుడు కావలించుకున్నారు కూడా.

తర్వాతి సమావేశంలో ఇరుపక్షాలూ సంయుక్త ప్రకటన చేశాయి. తాజాగా లభించిన అమూల్య పత్రాల ఆధారంగా, పనాస్, స్తెపాన్ ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకే క్షణంలో కాలు మోపారని నిర్ధారణ అయిందన్నారు. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పత్రాలు చూడాలని ఒకరిద్దరు ఉబలాటపడ్డారు. అంతటి పవిత్రమైన ఉత్తరాలను మామూలు కళ్ళతో చూసి మైల చేయకూడదనీ, విగ్రహం కింద ఉక్కుపెట్టెలో పెట్టి సీలు వేసి, వందేళ్ళ తర్వాత తెరవాలనీ ఒరెస్ట్ ప్రతిపాదించాడు, నెస్టర్ బలపరిచాడు. పెట్టెలో పెట్టేటప్పుడు ఉత్తరాలు ఆరే ఉన్నాయి. ఏడోది పొరపాటున నెస్టర్ కోటు లోపలి జేబులో ఉండిపోయింది. అది పొరపాటేనని ఆయన తనకు తాను రెండు మూడుసార్లు చెప్పుకున్నాడు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. రాజధాని నుంచి మంత్రిగారు వచ్చారు. ఆనవాయితీ ప్రకారం, ముందుగా ఆ ప్రాంతపు క్రీ పెద్దావిడను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. ఆవిడ మైకు దగ్గరికి నిదానంగా వచ్చింది. "అందరికీ స్వాగతం," అంది. "మా ముత్తవ్వ మీవాళ్ళను ఒక మాట అడిగిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. జవాబు ఇంకా రాలేదు. తొందరేం లేదు." సభ పగలబడి నవ్వింది. ఆవిడ హాస్యప్రియత్వాన్ని మంత్రిగారు ప్రత్యేకంగా కొనియాడారు. నెస్టర్ ఒక్కడే నవ్వలేదు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

తర్వాత మంత్రిగారు ప్రసంగించారు.

"ఈ మహనీయులు ఎలా వచ్చారు? చట్టాన్ని గౌరవిస్తూ వచ్చారు! సక్రమమైన కాగితాలతో, సొంత పేర్లతో, వరసలో నిలబడి వచ్చారు! ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఖాళీగా పడి ఉన్న నేలకు వచ్చి, ధైర్యంగా, ఉత్సాహంగా ముందుకు దూకారు! ఈనాడు మన దేశానికి వస్తున్నవాళ్ళు వీరిని చూసి నేర్చుకోవాలని మనవి చేస్తున్నాను."

చప్పట్లు ఆగలేదు. అందరికంటే గట్టిగా ఒరెస్ట్ కొట్టాడు. తెర లాగారు. గొర్రెతోలు కోటు తొడుక్కున్న పనాస్, కుడిచెయ్యి శిలువ మీద వేసుకున్న స్తెపాన్, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని క్షితిజం వైపు చూస్తున్నారు. శిల్పి అందం కోసం వాళ్ళ కాళ్ళ దగ్గర ఒక బాతును కూడా పెట్టాడు. చరిత్రకు సంబంధించినంతవరకు ఆ విగ్రహంలో నిజం అదొక్కటే.

విందులో స్నిజానా వడ్డించింది. మంత్రిగారు ఆమెను చూసి ఆదరంగా, "మీరెప్పుడొచ్చారమ్మా?" అన్నారు. "పొద్దున ఆరింటికి," అంది స్నిజానా. "ఉల్లిపాయలు తరగాలి కదా."

ఇక స్నిజానా సమస్య మిగిలింది. ఆమె ఒక్క ముక్క కూడా బయట అనలేదు. అనలేదు కనుకే నెస్టర్‌కు, ఒరెస్ట్‌కు నిద్ర పట్టలేదు. ఈలోగా, ఆ అమ్మాయికి పాత రాత చదవడం వచ్చునని ఊరంతా పాకింది. మొదట్లో అందరూ సంబరపడ్డారు. తర్వాత ఒక్కొక్కరే ఇంటికెళ్ళి డబ్బాలు, ట్రంకుపెట్టెలు తెరిచి చూసుకున్నారు. పక్కకి వాలిన ఆ అక్షరాల వంక కాసేపు చూసి, మూత పెట్టేశారు. కొందరు తాళం కప్పలు కొన్నారు. మాకు మా పూర్వీకుల గురించి అవసరమైనంత తెలుసు అని నీలం బిళ్ళల కుటుంబం ఒకటి సంఘానికి లిఖితపూర్వకంగా తెలియజేసింది.

సంఘం మళ్ళీ సమావేశమైంది. ఈసారి అందరూ మెలకువగానే ఉన్నారు. తొమ్మిదో నిబంధనను ఉదారంగా సడలించి, కొత్తగా వచ్చిన పిల్లలతో పాటు మన పిల్లలకూ శనివారం బడి నడపడానికి శ్రీమతి స్నిజానాకు హాలు శాశ్వతంగా ఇవ్వాలని తీర్మానించారు. తీర్మానం ముసాయిదా నెస్టర్‌ది. బడిలో పాటలు నేర్పవచ్చు. నాట్యం నేర్పవచ్చు. గుడ్ల మీద రంగుల ముగ్గులు వేయడం నేర్పవచ్చు. మాట్లాడటం కూడా, సభ్యతకు లోబడి, నేర్పవచ్చు. చదవడం, రాయడం మాత్రం నేర్పరాదు. ఉల్లంఘించినట్లయితే హాలు తక్షణం ఖాళీ చేయవలెను. ఆమోదించినవారు పదకొండుమంది, వ్యతిరేకించినవారు ఎవరూ లేరు.

అక్టోబరులో ఒక శనివారం నెస్టర్ ఆ బడికి వెళ్ళాడు. నలభై మంది పిల్లలు, వాళ్ళతో పాటు ఒరెస్ట్ మనవరాళ్ళు కూడా, పాట మధ్యలో ఆగి ఆయన వైపు చూశారు. ఆయన స్నిజానాను ఒక పక్కకి పిలిచి, కోటు లోపలి జేబులోంచి ఉత్తరం తీశాడు.

"ఇది చదవాలి," అన్నాడు.

ఆమె చెయ్యి చాచింది. ఆయన ఇవ్వలేదు.

"నువ్వు కాదమ్మాయ్. నేను చదవాలి. ఒకరు చదువుతుంటే వినడం వేరు. ఆయన చివరి ఉత్తరం ఇది. అక్షరాలు నేర్పు. నాకు తీరిక చాలా ఉంది."

స్నిజానా ఆయన మొహంలోకి చూసింది. మొదటిసారి ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "నేర్పాలనే ఉంది నెస్టర్ గారూ. కానీ ఈ పైకప్పు కింద అక్షరం అనే మాట ఎత్తినా ఈ పిల్లలు రోడ్డు మీద ఉంటారు. తీర్మానం ఉంది కదా."

"నేనే రాశానది."

"తెలుసు. చాలా పకడ్బందీగా రాశారు. ఒక్క సందు కూడా లేదు, నేను వెతికాను."

"రద్దు చేయించవచ్చు," అన్నాడు నెస్టర్.

"చేయించండి. ఎందుకని అడుగుతారు."

 పదకొండు మొహాలు ఆయన కళ్ళ ముందు మెదిలాయి. రాగి ఫలకం మెదిలింది. చప్పట్లు వినిపించాయి. ఉత్తరాన్ని మడతల వెంట మడిచాడు. ఆమె మడిచినట్టే మడవడానికి ప్రయత్నించాడు.

"పోనీ మీ ఇంటికొస్తే?"

"తీర్మానం నాలుగో పేరా. 'సదరు ఉపాధ్యాయురాలు ఎక్కడైననూ.'"

ఆయన తల ఊపాడు. ఆ 'ఎక్కడైననూ' దగ్గర తను ఎంత ఆలోచించిందీ ఆయనకు గుర్తుంది.

"పాట నేర్చుకుంటారా?" అంది స్నిజానా. "దానికి అభ్యంతరం లేదు."

వెనక బెంచీ మీద ఒక పిల్ల జరిగి చోటిచ్చింది. నెస్టర్ కూర్చున్నాడు. మోకాళ్ళు ఛాతీకి తగిలాయి. పాట మళ్ళీ మొదలైంది, ఆయన కూడా పెదాలు కదిపాడు. అప్పట్నుంచీ ప్రతి శనివారమూ వెళ్తున్నాడు. గొంతు బాగుందని పిల్లలే అంటున్నారు. ఉత్తరం జేబులోనే ఉంది. అప్పుడప్పుడు తీసి, నిటారుగా పట్టుకుంటాడు, అడ్డంగా పట్టుకుంటాడు.

క్రినిత్సాలో మిగతా వంశాలన్నీ క్షేమం. వాళ్ళవాళ్ళ మూలపురుషులు మచ్చలేని మహానుభావులుగానే కొనసాగుతున్నారు. మీ ముత్తాతగారి మీద మీకున్న గౌరవం కూడా ఈనాటివరకు చెక్కుచెదరలేదంటే, మాకు చాలా సంతోషం. ఆయన రాసిపెట్టింది మీరూ ఇంకా చదవలేదన్నమాట.